కొసరు వేసిన బోర్డు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, అంగట్లో బేరాలు లేని వేళ, బాగేపల్లి నుంచి ఒక ఇంజినీరింగు చదివే అమ్మాయి వచ్చింది. చింతామణిలో మాది బట్టల అంగడి కాబట్టి రవికె గుడ్డ కోసమే వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయి సంచిలోంచి గోరంత పచ్చటి బోర్డు తీసి బల్ల మీద పెట్టి, ఇది గీసింది మీరేనా మేడమ్ అని అడిగింది. నేనే. మైక్రోకంట్రోలరు అనే బుల్లి కంప్యూటరు చిప్పు ఒకటి, అది బతకడానికి కావలసిన చిల్లర సామాను, రెండు పక్కలా నాలుగు సన్నటి ఇనుప కాళ్ళు, అంతే ఆ బోర్డు. ఇలాంటి చిన్న చిన్న బోర్డులు గీసి, కావలసినవాళ్ళు చేసుకోండని ఇంటర్నెట్లో ఊరికే పెట్టేయడం నాకు చాలా ఏళ్ళుగా ఉన్న పిచ్చి. దీనివల్ల ఇంటికి వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. ఆ అమ్మాయి సందేహమల్లా ఒకటే. ఆ చిప్పుకు ఇంకా చాలా కాళ్ళున్నాయి కదా, మీరెందుకు కొన్నే బయటికి తీశారు, ఇంత సన్నగా ఎందుకు గీశారు అంది. బ్రెడ్‌బోర్డు మీద చోటు మిగలాలని అని చెప్పి, కాఫీ తాగించి పంపించాను. చెప్పింది అబద్ధం కాదు గాని, దాని వెనక సోమేనహళ్ళిలో ఉన్న మా రత్నమ్మత్త ఉంది, ఒక స్కూటరు హారను ఉంది, పట్టుపురుగులున్నాయి. అవన్నీ కాఫీ చల్లారేలోగా చెప్పగలిగేవి కావు. నలభై దాటగానే జ్ఞాపకాలు రాస్తోందేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. ఎలక్ట్రానిక్సులో నలభై అంటే మనవళ్ళను ఎత్తుకునే వయసే.

డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఉద్యోగానికని ఎక్కడికీ పోకుండా నేను అంగట్లో కూర్చున్న రోజులవి. అంగడి మా తాత పెట్టింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి, కర్పూరం వెలిగించి, గంజి వాసన కొట్టే కొత్త తానులను ఆయన పసిబిడ్డల్ని లేపినట్టు ఒక్కొక్కటే తట్టేవాడు. బోణీ అయ్యేదాకా ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. గుడ్డ కొలిచేటప్పుడు చూడాలి ఆయన్ని. ఇనుప గజంబద్దకు అంచు ఆనించి, బొటనవేలు పెట్టి, ఊపిరి బిగబట్టి కొలిచేవాడు. కొలిచాక, వేలు తీయకుండానే గుడ్డను ఇంకో రెండు వేళ్ళు ముందుకు జరిపి చర్రున చించేవాడు. ఆ రెండు వేళ్ళూ కొసరు. బట్లహళ్ళి నుంచి ఎండలో నడిచి వచ్చిన మనిషి ఆ కొసరు చూసి నవ్వకుండా మా అంగడి మెట్లు దిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అలా పెరిగిన పిల్లకు కొసరు లేని కొలత అంటే పిసినారితనం అనిపించేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇక్కడే నా కొంప మునిగింది.

మధ్యాహ్నాలు మాత్రం నావి. అందరూ సంగటీ బస్సారూ తిని కునుకు తీస్తుంటే, నేను పెరట్లో బోర్డులు వండేదాన్ని. వండడమనే అనాలి దాన్ని. కంప్యూటరులో గీసిన బొమ్మను జిరాక్సు అంగట్లో నున్నటి కాగితం మీద అచ్చు వేయించి, దాన్ని రాగి పూత ఉన్న రేకు మీద బోర్లించి, అంగట్లో గుడ్డలు మడతపెట్టే ఇస్త్రీపెట్టెతో అదిమితే గీతలు రేకుకు అంటుకుంటాయి. తర్వాత దాన్ని ఫెర్రిక్ క్లోరైడు నీళ్ళలో ఆడిస్తే అక్కరలేని రాగి కరిగిపోయి గీతలు మాత్రం మిగులుతాయి. ఆ నీళ్ళు ఒక పాత మామిడికాయ ఊరగాయ డబ్బాలో ఉండేవి. వాటి తుప్పు వాసన, సోల్డరు పొగ వాసన, నా వేళ్ళ మీద పసుపు మరకలు చూసి మా అవ్వ, ఇంకెవరైనా అయితే చేతులకు గోరింటాకు పెట్టుకుంటారు, దీనికి ఈ కర్మ ఏమిటో అని మూతి తిప్పేది. ఉతికే బండ మీద నేను పోగొట్టిన మరకలు తక్కువ, మిగిల్చినవి ఎక్కువ. అయినా అవ్వ ఇస్త్రీపెట్టె దాచిపెట్టింది మాత్రం ఎన్నడూ లేదు.

రత్నమ్మత్త మా నాయనకు అక్క. సోమేనహళ్ళిలో మల్బరీ తోట, దాని పక్కన పురుగుల ఇల్లు, ఆ ఇంటికి ఆనుకుని తను ఉండే రెండు గదులు. మామ పోయాక కూడా ఆమె ఒక్కతే పట్టుపురుగులు మేపుకుంటూ అక్కడే ఉండిపోయింది. నాయనకు అది గిట్టేది కాదు. ఒంటిదానివి, పల్లెలో ఏమైనా అయితే ఎవరు చూస్తారు, చింతామణికి వచ్చెయ్ అని కలిసినప్పుడల్లా అదే పాట. ఆమె చెవిన పెట్టేది కాదు. ఆ ఏడు మాత్రం ఒక పంట పోయింది. ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం ఆమె ఆకు కోయడానికి తోటలోకి వెళ్ళింది. పురుగుల ఇంట్లో కిటికీలకు కట్టిన తడి గోనెపట్టాలు ఆమె వచ్చేలోగా ఎండి వరుగులైపోయాయి. లోపల వేడికి పురుగులు మేత మానేసి, తట్టల్లోనే నల్లబడిపోయాయి. నాయనకు అవకాశం దొరికింది. అక్కా, ఈసారి కూడా పోతే మారుమాట లేకుండా వచ్చేస్తావా అని అడిగితే ఆమె సరే అంది. అత్త సరే అంటే సరే. తర్వాత వెనక్కి తీసుకునే మనిషి కాదు. కొత్త పంట పురుగులు అప్పటికే తట్టల్లో ఉన్నాయి.

ఆ మాట విని నాకు భయం వేసింది. సోమేనహళ్ళి లేని మా అత్తను నేను ఊహించుకోలేను. మా ఇంట్లో ఒక మూల కుర్చీలో కూర్చుని టీవీ చూసే రత్నమ్మత్త అత్తలాగే ఉంటుంది గాని అత్త కాదు. వెంటనే బస్సెక్కాను. అక్కడికి పోతే మొదటి మర్యాద ఏమిటంటే, ఆమె నా జుట్టు వాసన చూసి స్నానానికి తరిమింది. పట్టుపురుగులకు వాసనలు పడవు. పురుగులున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో తిరగమోత ఉండదు, అగరుబత్తి ఉండదు, మల్లెపూలు గుమ్మం బయటే. బ్లీచింగు కలిపిన నీళ్ళలో కాళ్ళు కడుక్కునిగాని లోపలికి అడుగుపెట్టకూడదు. నా ఒంటికి పట్టిన సోల్డరు కంపు ఎంత రుద్దినా పోలేదని, లోపలికి రాకుండా గుమ్మంలోనే కూర్చోబెట్టి మాట్లాడింది. లోపల పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి. మేత మాని, తల ఎత్తి, కదలకుండా పడుకుని పొర విడిచే నిద్రను మా వైపు జ్వరమనే అంటారు. అత్త కూడా ఇంట్లో ఎవరికో ఒళ్ళు బాగాలేనట్టే గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

ఆమె కష్టం నాకు అర్థమైంది. తోటలో ఉంటే ఇంట్లో ఉండలేదు, ఇంట్లో ఉంటే ఆకు రాదు. లోపల వేడి పెరిగినా, తడి ఆరినా తోటలో ఉన్న మనిషికి వినబడేటట్టు ఏదైనా అరవాలి. వేడినీ తడినీ కనిపెట్టే చిన్న సెన్సరు నా దగ్గర ఉంది. అరవడానికి పేరేసంద్రలో బైకులు బాగుచేసే ఆయన దగ్గర పాత స్కూటరు హారను, బ్యాటరీ దొరికాయి. ఇంత గోల చేస్తే పురుగులు బెదరవా అని అడిగాను. "వాటికి చెవులు లేవు, నాకుండాయి" అంది అత్త. వీటన్నిటినీ కలపడానికి బ్రెడ్‌బోర్డు తీసుకుపోయాను. అది వందల చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ పలక. మధ్యలో ఒక చిన్న కాలువ, దానికి అటూ ఇటూ ఐదేసి చిల్లుల వరసలు. ఒక వరసలోని ఐదూ లోలోపల కలిసే ఉంటాయి కాబట్టి, ఒక చిల్లులో చిప్పు కాలు దిగితే పక్క చిల్లుల్లో తీగలు గుచ్చుకుంటే చాలు, అతకడమనే పని లేదు. సెన్సరును ఈ తట్ట నుంచి ఆ తట్టకు మార్చాలన్నా, తీగ ఊడినా, నేను చింతామణి నుంచి వచ్చేదాకా ఆగకుండా అత్తే గుచ్చుకోవాలని నా ఆలోచన.

చిక్కల్లా నేను కొనుక్కొచ్చిన మైక్రోకంట్రోలరు బోర్డుతో వచ్చింది. అది మహా వెడల్పు. బ్రెడ్‌బోర్డు మీద గుచ్చితే, ప్రైవేటు బస్సులో ముగ్గురి సీటు మీద కూర్చున్న లావుపాటి మనిషిలాగా అటువైపు చిల్లులూ ఇటువైపు చిల్లులూ అన్నీ తన కిందే. తీగ గుచ్చడానికి ఒక్క చిల్లు మిగల్లేదు. అత్త దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పురుగులు పెరిగే కొద్దీ తట్టలో వాటిని ఎడం చేయకపోతే ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి, నీ బోర్డు చేసినవాడెవడో పురుగులు మేపినట్టు లేడు అంది. బ్రెడ్‌బోర్డు అక్కడే వదిలి, సన్నటి బోర్డు నేనే చేసి తెస్తానని బయలుదేరాను. నాకున్న బ్రెడ్‌బోర్డు అదొక్కటే. కథకు ఈ సంగతి కూడా ముఖ్యమే.

అన్నాను కదా, ఇంట్లో అందరూ పడుకున్న మధ్యాహ్నం మొదలుపెట్టాను. కాలువకు రెండు పక్కలా నాలుగేసి చిల్లులు మిగిలేటంత సన్నగా గీశాను. చిప్పుకు ఎన్ని కాళ్ళున్నాయో అన్నీ బయటికి తీశాను, ఏ ఒక్కటీ వృథా కాకూడదని. కాలికీ కాలికీ మధ్య ఎంత దూరం ఉండాలో పుస్తకంలో ఉంది. ఆ దూరం చూస్తే నా ప్రాణం ఒప్పలేదు. మరీ బిగుతుగా ఉంటే గుచ్చడానికి అత్తకు కష్టమవుతుందేమో, వెంట్రుకవాసి వదులు ఉంటే మంచిది కదా అనుకుని, ప్రతి రెండు కాళ్ళ మధ్యా కాస్త కొసరు వేశాను. చేతికి అలవాటైన ఉదారత అది. ఇస్త్రీ చేసి, కరిగించి, చిల్లులు వేసి, సోల్డరు పెట్టి, గుచ్చి చూడడానికి బ్రెడ్‌బోర్డు లేక క్లిప్పులు తగిలించి చూస్తే దీపం వెలిగింది. పెరట్లో ఒక్కదాన్నే గంతులేశాను. అవ్వ లేచి వచ్చి, బోర్డును చూసి, బంగారు పుడక లాగుంది అని మెచ్చుకుంది. అవ్వ మెచ్చిన నా మొదటి వస్తువు అదే.

సోమేనహళ్ళి చేరేసరికి పురుగులు మూడో జ్వరం లేచి ఆబగా తింటున్నాయి. ఎండ ముదిరింది. అత్త వంటింటి గడప మీద బ్రెడ్‌బోర్డు పెట్టుకుని నా కోసమే ఎదురుచూస్తోంది. బోర్డు తీసి పెట్టాను. మొదటి కాలు దిగింది, రెండోది దిగింది, మూడోది కాస్త మొరాయించి దిగింది. తర్వాతివి చిల్లుల అంచుల మీద నిలబడ్డాయి. చివరివైతే రెండు చిల్లుల మధ్య గోడ మీదే కూర్చున్నాయి. ఒక్కొక్కటీ వెంట్రుకవాసే, కాని వరస పొడుగునా కొసరు మీద కొసరు పేరుకుపోయింది. ఎంత నొక్కినా దిగలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. మళ్ళీ చింతామణి పోయి, మళ్ళీ చేసి తెచ్చేలోగా ఈ ఎండకు ఏమవుతుందో, నాయన బండి తీసుకుని సామాను కోసం ఎప్పుడొస్తాడో అని కళ్ళకు కట్టింది. అత్త ఏమైందని అడిగింది. కొసరు వేశానని చెప్పాను. ఆమె మా తాత కూతురు, ఆ అంగట్లోనే పెరిగింది. పురుగుల ఇల్లు అదిరేటట్టు నవ్వింది.

"మా నాయన దగ్గిర ఇన్నేండ్లు కూసోని ఇదేనా నేర్సుకునింది? కొల్సేటప్పుడు కొసరు యాడన్నా ఏస్తారా పాపా? కొల్సడం అయినాంక గదా కొసరు."

నవ్వు ఆపాక బోర్డును చేతిలోకి తీసుకుని, ఇన్ని కాళ్ళూ పనిచేస్తాండాయా అని అడిగింది. లేదత్తా, మనకు కావలసింది నాలుగే, కరెంటుకు రెండు, సెన్సరుకు ఒకటి, హారనుకు ఒకటి అన్నాను. మిగిలినవి కత్తిరించెయ్ అంది. గీసిందాన్ని నేను, నాకు తోచలేదు. అన్ని కాళ్ళూ ఉండడమే గొప్ప అనుకున్నాను కాబట్టి తోచలేదు. మల్బరీ కొమ్మలు కత్తిరించే కత్తెర బండదైనా సన్నపు తీగకు బాగానే పనికొచ్చింది. అదృష్టం కొద్దీ కావలసిన మూడు కాళ్ళు ఒక చివరనే ఉన్నాయి. దూరంగా ఉన్న హారను కాలును కాస్త వంచితే అదీ దిగింది. బోర్డు కుదురుగా కూర్చుంది. చుట్టూ ఎటు చూసినా ఖాళీ చిల్లులే. ఆ నిమిషం నుంచి ఈ రోజు దాకా నేను గీసిన ప్రతి బోర్డూ దాని పిల్లే. పొయ్యి మీద కాచిన గరిటెను సెన్సరు దగ్గర పెట్టాం. హారను కూసిన కూతకు ఎదురింటి కోళ్ళు పైకప్పెక్కాయి.

ఎదురిల్లు గంగులమ్మది. ఆమె మేకలు అత్త మల్బరీ తోటలో పడ్డాయని ఇద్దరికీ ఎప్పటినుంచో మాటల్లేవు. హారను వచ్చాక మాటలు మొదలయ్యాయి గాని అవి రాయదగినవి కావు. ఎండ ముదిరినప్పుడల్లా హారను మోగేది, అత్త తోటలోంచి పరిగెత్తుకొచ్చి గోనెపట్టాలు తడిపేది, గంగులమ్మ వాకిట్లో నిలబడి హారనుకూ, దాన్ని చేసిన నాకూ, నాకు చదువు చెప్పించిన మా నాయనకూ దీవెనలు పెట్టేది. పురుగులు నాలుగో జ్వరం కూడా లేచి వేలంత అయ్యాయి. ఇంకొన్నాళ్ళలో పండి గూళ్ళు కడతాయనగా, తట్టల్లో చల్లే మందుపొడి అయిపోయింది. దాని కోసం అత్తా నేనూ చిక్కబళ్ళాపురం పోయాం. ఉదయం మబ్బుగా ఉంది, తొందరగా వచ్చేస్తాంలే అనుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు పేరేసంద్ర దగ్గర బస్సు ఆగిపోయింది. మబ్బు విడిపోయి ఎండ భగ్గుమంది. రోడ్డు పక్క చెట్టు నీడలో అత్త పొడి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్కడ హారను మోగుతూ ఉంటుందని ఇద్దరికీ తెలుసు. వినేవాళ్ళు లేరని కూడా తెలుసు. ఆ చెట్టు కింద ఆమె ముఖం చూశాక, నా బోర్డులో ఎంత పెద్ద తప్పుందో అప్పుడు అర్థమైంది. అరవడం నేర్పాను గాని, అత్త ఊళ్ళో లేకపోతే ఎవరొస్తారన్నది ఆలోచించలేదు.

ఇల్లు చేరేసరికి హారను ఆగిపోయి ఉంది. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను. గుమ్మం ముందు చెప్పుల గుంపు కనబడింది. వాటిలో మా నాయన చెప్పులు కూడా ఉన్నాయి. పంట సంగతి కనుక్కుందామని ఆయన ఆ రోజే బయలుదేరి వచ్చాడట. వచ్చేసరికి తాళం, లోపల హారను గోల, ఏం చేయాలో తెలియక వాకిట్లో నిలబడిపోయాడట. అప్పుడు గంగులమ్మ తిట్టుకుంటూ వచ్చి, గూట్లోంచి తాళంచెవి తీసి, వీధిలో ఆడవాళ్ళను కేకేసి పిలిచింది. నాయన కూడా లోపలికి పోబోతే చెయ్యడ్డం పెట్టింది. "జర్దా ఉమ్మేసి, నోరు పుక్కిలించుకోని రాప్పా. పురుగులుండాయి" అందట. మేం చూసేసరికి మా నాయన, చింతామణి బజార్లో నలుగురూ నమస్కారం పెట్టే మనిషి, పంచె పైకి కట్టి బిందెలతో నీళ్ళు మోస్తున్నాడు. గంగులమ్మ ఇంకా తే, ఇంకా తే అంటోంది. గోనెపట్టాలు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. తట్టల్లో కొత్త ఆకు పడి ఉంది, పురుగులు దాని మీద పాకుతున్నాయి. అత్త గంగులమ్మ దగ్గరికి పోయి ఆమె చేతిలో బిందె అందుకుంది. నేను కాళ్ళు కడుక్కునే నెపంతో బయటే నిలబడ్డాను.

గూళ్ళు బాగా కట్టాయి. అయితే దానికి ముందే, ఆ సాయంత్రమే, సంగతి తేలిపోయింది. నాయన తడిసిన పంచె పిండుకుంటూ అరుగు మీద కూర్చుని, "అక్కా, ఇంగ నేనేమీ అననులే. నువ్వు ఈడే ఉండు" అన్నాడు. ఒంటిదానివి అన్న మాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు. గంగులమ్మ మేకలు తర్వాత కూడా తోటలో పడ్డాయి, మళ్ళీ మాటలు పోయాయి, మళ్ళీ హారను మోగినప్పుడు వచ్చాయి. వాళ్ళిద్దరి కాపురం అలాగే సాగింది.

ఇప్పుడంతా సులువైపోయింది. పెరట్లో డబ్బా లేదు, ఇస్త్రీపెట్టెకు బట్టలు తప్ప వేరే పని లేదు. గీసి పంపితే అచ్చయిన బోర్డులు పోస్టులో ఇంటికొస్తాయి, కొలత పిసరు తప్పితే కంప్యూటరే ఎర్రగీత పెడుతుంది. నా కొసరు రోగానికి అది మంచి మందు. చేతులకు మరకలు లేవు. అవ్వ ఉంటే సంతోషించేది. బాగేపల్లి అమ్మాయి వెళ్ళిపోయిన వారం నాకు ఉత్సాహం వచ్చి, అత్త కోసం కొత్త బోర్డు ఒకటి గీసి, తెప్పించి, సోమేనహళ్ళి పట్టుకుపోయాను. చిటికెన వేలిగోరంత ఉంది, ఇప్పటిదాకా నేను చేసినవాటిలో అన్నిటికన్నా చిన్నది, మూడే కాళ్ళు. వేడి పెరిగితే అత్త ఫోనుకు మెసేజు వస్తుంది, హారను అక్కరలేదు. అత్తకు ఇప్పుడు నడుం వంగింది గాని చూపు బాగానే ఉంది. బోర్డును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మెచ్చుకుంది. తర్వాత ఇది మోగుతాదా అని అడిగింది. మోగదత్తా, నీ ఫోనులో కనిపిస్తుంది అన్నాను. నా ఫోనులో మాత్రమేనా అంది. అవునన్నాను. ఆమె దాన్ని నా చేతిలో తిరిగి పెట్టేసింది.

"నాకొక్కదానికే తెలిసేదైతే అది నాకెందుకు పాపా?"

బస్సులో వచ్చేటప్పుడు ఆ బోర్డును తీసి తీసి చూసుకున్నాను. ఎంత చిన్నది చేయగలనో చూపించాలని ఉబలాటపడి హారను కాలు నేనే కత్తిరించేశాను. ఆ సాయంత్రం అంగడి కట్టేసి కంప్యూటరు ముందు కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మొట్టమొదట హారను కాలే గీశాను.